రూలు మారిస్తే ఏమవుతుంది? కంపెనీల్లో సిస్టమ్ డైనమిక్స్ గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకి రండి, బోర్డు మీద అంకెలు రాయబోతున్నాను, అవి కనపడకపోతే ఈ గంటంతా దండగ.

మీలో హెచ్ఆర్ వాళ్లున్నారు, ప్లానింగ్ వాళ్లున్నారు, ఫ్యాక్టరీల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. బడ్జెట్ సీజన్ వస్తే మీ అందరి ఆఫీసుల్లోనూ ఒకే తంతు నడుస్తుంది. ఎక్సెల్ షీటు తెరుస్తారు, అమ్మకాలు 10 శాతం తగ్గితే ఏంటి, డాలరు రేటు పడిపోతే ఏంటి, పెద్ద క్లయింట్ ఒకడు వెళ్లిపోతే ఏంటి అని మూడు కాలమ్స్ వేస్తారు: మంచి, మధ్యస్థం, చెడ్డ. చెడ్డ కాలమ్‌కి ఎర్ర రంగు పూస్తారు. ఎండీ గారు మధ్య కాలమ్ చూసి తలూపుతారు. అయిపోయింది.

తప్పని అనను. కానీ గమనించండి, ఆ ప్రశ్నలన్నీ బయట జరిగేవాటి గురించే. అమ్మకాలు 10 శాతం తగ్గితే లాభం ఇంత తగ్గుతుంది అని షీటు ఒక్క అంకె చెప్పి ఊరుకుంటుంది. నిజంగా అమ్మకాలు తగ్గితే మీ కంపెనీలో మనుషులు ఊరుకుంటారా? సేల్స్ హెడ్ డిస్కౌంటు ఇస్తాడు, పర్చేజ్ వాళ్లు ఆర్డర్లు ఆపేస్తారు, హెచ్ఆర్ రిక్రూట్‌మెంట్ ఫ్రీజ్ అంటుంది, ట్రైనింగ్ బడ్జెట్ కోసేస్తారు, ఇవన్నీ కలిసి ఆరు నెలల తర్వాత తిరిగొచ్చి మళ్లీ అమ్మకాల మీదే పడతాయి. షీటులో ఆ తిరిగొచ్చే దారి లేదు. అందులో బాణాలన్నీ ఒకే వైపుకి పోతాయి.

నేను ఇవాళ చెప్పదలుచుకున్నది ఒక్కటే. "బయట ఇలా జరిగితే మనకేమవుతుంది" అనే ప్రశ్న అందరూ అడుగుతారు. "మన రూలు ఒకటి మారిస్తే మనకేమవుతుంది" అనే ప్రశ్న ఎవరూ అడగరు. సిస్టమ్ డైనమిక్స్ అనే పద్ధతి ఆ రెండో ప్రశ్న అడగడానికి పుట్టింది.

దీన్ని మొదలుపెట్టినాయన జే ఫారెస్టర్. 1918లో అమెరికాలో నెబ్రాస్కాలో పుట్టాడు, పశువులు మేపే రాంచ్‌లో పెరిగాడు, తర్వాత అమెరికాలోనే ఎంఐటీ అనే యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరయ్యాడు. యుద్ధ కాలంలో రాడార్ యాంటెనాలూ తుపాకీ మౌంట్లూ తమంతట తాము సరిదిద్దుకునే సర్వో యంత్రాల మీద పనిచేశాడు. తర్వాత వర్ల్‌విండ్ అనే కంప్యూటర్ కట్టిన టీముకి నాయకుడు. మాగ్నెటిక్ కోర్ మెమరీ ఉంది చూశారూ, ఏళ్ల తరబడి ప్రపంచంలో దాదాపు కంప్యూటర్లన్నీ నడిచింది దాని మీదే, అందులో ఒక కీలకమైన పేటెంట్ ఆయనదే. ఇంత చేసిన మనిషి 1956లో కంప్యూటర్లు వదిలేసి మేనేజ్‌మెంట్ స్కూల్లో ప్రొఫెసర్‌గా చేరాడు. ఏం చేయాలో స్పష్టంగా తెలియకుండానే చేరాడు.

అప్పుడు జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ల సమస్య ఒకటి ఆయన చెవిన పడింది. కెంటకీ రాష్ట్రంలో వాళ్లకి గృహోపకరణాల ఫ్యాక్టరీలున్నాయి. కొన్నాళ్లు మూడు నాలుగు షిఫ్టులు నడిపినా సరుకు చాలదు, రెండు మూడేళ్లకి సగం మందిని ఇంటికి పంపాల్సిన పరిస్థితి. ఎందుకిలా అంటే మేనేజర్లు "బిజినెస్ సైకిల్ అండీ, మార్కెట్ అంతే" అన్నారు. ఫారెస్టర్‌కి ఈ జవాబు నచ్చలేదు. సర్వో యంత్రాలతో పనిచేసినవాడు కదా, ఊగిసలాట కనిపిస్తే బయట ఎవరు ఊపుతున్నారని చూసే ముందు లోపల ఏముందని చూస్తాడు. వాళ్లని కూర్చోబెట్టి అడిగాడు: మనుషుల్ని తీసుకోవాలా వద్దా అని ఎలా నిర్ణయిస్తారు? స్టాకు ఇంతుంటే ఎంత ఆర్డర్ పెడతారు? నోట్‌బుక్‌లో కాలమ్స్ గీసుకున్నాడు, స్టాకు, ఆర్డర్లు, ఉద్యోగులు. వారం వారం చేత్తో లెక్క వేసుకుంటూ వెళ్లాడు. కంప్యూటర్ లేదు, పెన్సిలే. తేలిందేమిటంటే, బయటి నుంచి వచ్చే ఆర్డర్లు ఏ మార్పూ లేకుండా స్థిరంగా ఉన్నా సరే, వాళ్ల రూల్సూ వాటిలోని ఆలస్యాలూ చాలు ఉద్యోగుల సంఖ్య పైకీ కిందికీ ఊగడానికి.

ఆ నోట్‌బుక్ కాగితమే ఈ శాస్త్రానికి మొదటి సిమ్యులేషన్. 1958లో దాని మీద హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వ్యాసం రాశాడు, 1961లో పుస్తకం వచ్చింది. మొదట్లో దాని పేరు ఇండస్ట్రియల్ డైనమిక్స్, తర్వాత నగరాలకీ ప్రపంచ జనాభాకీ కూడా వాడటం మొదలయ్యాక సిస్టమ్ డైనమిక్స్ అన్నారు. చరిత్ర ఇక్కడితో చాలు.

ఇందులో ఉండే ముక్కలు మూడే. స్టాక్ అంటే పోగుపడేది. గోడౌన్‌లో సరుకు, పేరోల్‌లో మనుషులు, చెయ్యాల్సిన పని, బ్యాంకులో డబ్బు, ఆఖరికి కస్టమర్ నమ్మకం కూడా. ఫ్లో అంటే ఆ స్టాక్‌ని పెంచేదీ తగ్గించేదీ. ఇంటి మీద ట్యాంకు ఉంటుంది, మోటారు నింపుతుంది, కుళాయిలు ఖాళీ చేస్తాయి, మోటారు ఆపినంత మాత్రాన ట్యాంకు వెంటనే ఖాళీ అయిపోదు, అంతే, ఇంతకంటే లోతైన విషయం లేదు అక్కడ. మూడోది ఫీడ్‌బ్యాక్: స్టాక్ ఎంతుందో చూసి మనం ఫ్లో మారుస్తాం, ఫ్లో మారితే స్టాక్ మారుతుంది, మళ్లీ చూస్తాం, ఇలా తిరిగే చక్రాన్నే లూపు అంటారు. ఈ చూడటానికీ మారడానికీ మధ్య ఆలస్యం ఉంటుంది. కొంప ముంచేది ఆ ఆలస్యమే.

సరే, కెంటకీ వదిలేసి మాదాపూర్‌కి వద్దాం. 2021, 22 సంవత్సరాలు గుర్తున్నాయి కదా. ఒక్కో కుర్రాడి చేతిలో మూడేసి నాలుగేసి ఆఫర్ లెటర్లు. 2022 జూన్ త్రైమాసికానికి ఇన్ఫోసిస్ ప్రకటించిన అట్రిషన్, అంటే ఉద్యోగం మానేసినవాళ్ల శాతం, 28.4. టీసీఎస్‌లో ఆ ఏడాది సెప్టెంబర్ త్రైమాసికానికి 21.5. ఐటీ కంపెనీలన్నీ కాలేజీల మీద పడ్డాయి. ఏడాది తిరగ్గానే సీను మారింది. ఆఫర్ ఇచ్చి జాయినింగ్ డేట్ ఇవ్వని కంపెనీలు, నెలల తరబడి ఎదురుచూసిన పిల్లలు, ప్రాజెక్టు లేక బెంచ్ మీద టెన్షన్‌తో కూర్చున్నవాళ్లు. మీ ఇళ్లలోనే ఉండి ఉంటారు ఒకరో ఇద్దరో. కారణం అడిగితే అందరూ చెప్పేది "అమెరికాలో స్లోడౌన్". నిజమే, అదీ ఉంది. కానీ ఎంత భాగం అమెరికాది, ఎంత భాగం మనది? ఇదిగో బోర్డు మీద చూద్దాం. ఇది నేను కల్పించిన కంపెనీ, అంకెలూ నావే, కంగారుపడకండి.

కంపెనీలో 1000 మంది ఉన్నారు. నెలకి 20 మంది మానేస్తారు, 20 మంది చేరతారు, అంతా ప్రశాంతం. ఇప్పుడు ఒక కొత్త ప్రాజెక్టు వచ్చింది, 1100 మంది కావాలి. ఇక ఆ 1100 ఎప్పటికీ మారదు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి, డిమాండ్ ఒక్కసారే మారింది. హెచ్ఆర్ రూలు చాలా న్యాయంగా ఉంటుంది: నెల మొదట్లో ఎంతమంది ఉన్నారో చూడు, ఎంతమంది తక్కువో అన్ని ఆఫర్లు ఇవ్వు, మానేసేవాళ్లకి బదులు ఇంకో 20 ఇవ్వు. ఆఫర్ తీసుకున్నవాడు పాత కంపెనీలో 90 రోజుల నోటీసు పీరియడ్ చేసి రావాలి. అంటే ఈ నెల ఆఫర్ ఇస్తే మూడు నెలల తర్వాత వస్తాడు.

మొదటి నెల: 1000 మంది ఉన్నారు, 100 తక్కువ. 120 ఆఫర్లు. రెండో నెల: ఇంకా 1000 మందే, ఎవరూ రాలేదు కదా. మళ్లీ 120. డెలివరీ హెడ్ ఫోన్ చేసి అరుస్తున్నాడు, మనుషులేరీ అని. మూడో నెల: మళ్లీ 1000, మళ్లీ 120. నాలుగో నెల మొదటి బ్యాచ్ దిగింది, 1100 అయ్యారు. అందరూ స్వీట్లు పంచుకున్నారు. ఐదో నెల రెండో బ్యాచ్ దిగింది, 1200. ఆరో నెల మూడోది, 1300. కావాల్సినదానికంటే 200 మంది ఎక్కువ. ఐదో నెలలోనే ఆఫర్లు పూర్తిగా ఆపేశారు, అయినా ఆరో నెల పెరిగారు చూడండి, ట్యాంకులోకి వచ్చే నీళ్లు పైపులో ఉన్నాయి.

ఇక్కణ్ణుంచి రిక్రూట్‌మెంట్ ఫ్రీజ్. నాలుగో నెలలో ఇచ్చిన 20 ఆఫర్లు దిగడంతో ఏడో నెలా 1300 దగ్గరే ఉన్నారు, ఆ తర్వాత నెలకి 20 మంది చొప్పున తగ్గుతూ, 17వ నెలకి సరిగ్గా 1100కి వచ్చారు. హమ్మయ్య అనుకుని మళ్లీ ఆఫర్లు మొదలుపెట్టారు. కానీ పైపు ఖాళీగా ఉంది! 18వ నెల 1080, 19వ నెల 1060. మళ్లీ తక్కువ, మళ్లీ ఎక్కువెక్కువ ఆఫర్లు, 24వ నెలకి 1180. రెండేళ్లు గడిచాయి, డిమాండ్ ఒక్క మనిషి కూడా మారలేదు, కంపెనీ మాత్రం ఊగుతూనే ఉంది. మొదటి అలలో 5వ నెల నుంచి 16వ నెల దాకా బెంచ్ మీద కూర్చోబెట్టి ఇచ్చిన జీతాలు కూడితే 1400 నెలజీతాలు.

ఈ గదిలో ఎవరైనా ఆ హెచ్ఆర్ మేనేజర్‌ని తిట్టగలరా? ఏ నెలకి ఆ నెల చూస్తే ఆయన చేసింది సబబే.

ఇప్పుడు అడుగుదాం, ఇలా చేస్తే ఏమవుతుంది అని. మొదటి మార్పు: నోటీసు పీరియడ్ 90 నుంచి 60 రోజులకి తగ్గింది అనుకోండి, రూలు అదే. శిఖరం 1300 బదులు 1200 దగ్గర ఆగుతుంది, మొదటి అలలో దండగ జీతాలు 1400 నుంచి 400కి పడతాయి. ఒక్క నెల ఆలస్యం తగ్గితే ఇంత తేడా. రెండో మార్పు: జాగ్రత్తగా వెళ్దాం, గ్యాప్‌లో సగమే పూడుద్దాం. శిఖరం 1175కి తగ్గుతుంది, కానీ 1100 చేరడం ఒక నెల లేటవుతుంది, ప్రాజెక్టు దగ్గర చీవాట్లు. పోన్లే అనుకోవచ్చు.

మూడో మార్పు: లెక్కపెట్టేటప్పుడు ఉన్నవాళ్లతో పాటు ఆఫర్ తీసుకుని ఇంకా రానివాళ్లని కూడా లెక్కపెట్టు. అంతే. మొదటి నెల 120 ఆఫర్లు. రెండో నెల చూస్తే మనుషులు 1000 మందే, కానీ మామూలు కంటే 100 మంది ఎక్కువ దారిలో ఉన్నారు, కాబట్టి 20 ఆఫర్లు చాలు. మూడో నెలా 20. నాలుగో నెల 1100. తర్వాత ఎప్పుడూ 1100. పాత రూలుతో 1100 చేరింది నాలుగో నెలలోనే, కొత్త రూలుతోనూ నాలుగో నెలలోనే, అంటే వేగం ఏమీ పోలేదు, 1400 నెలజీతాలు మిగిలాయి.

మీరు నవ్వుతున్నారు, ఇది కూడా తెలియదా హెచ్ఆర్‌కి అని. అందుకే ఎంఐటీ వాళ్లు 1960ల మొదట్లో ఒక ఆట తయారుచేశారు, బీర్ గేమ్ అంటారు. కంపెనీలో బీరంటే ఇబ్బందైతే పాల ప్యాకెట్లు అనుకోండి. నలుగురు వరసగా కూర్చుంటారు: రిటైలర్, హోల్‌సేలర్, డిస్ట్రిబ్యూటర్, ఫ్యాక్టరీ. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, ఆర్డర్ చీటీ మాత్రమే పంపాలి. కస్టమర్ వారానికి 4 కేసులు అడుగుతాడు, ఐదో వారం నుంచి 8 అడుగుతాడు, ఆట అయిపోయేదాకా 8 అలాగే ఉంటుంది. నేను చెప్పిన కంపెనీలాగే, ఒక్క మెట్టు. అయినా ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చేసరికి ఆర్డర్లు ఆకాశానికెక్కి పాతాళానికి పడతాయి. జాన్ స్టెర్మన్ అనే ప్రొఫెసర్ 1989లో లెక్కలు ప్రచురించాడు: ఆటలోని లెక్క ప్రకారం సుమారు 200 డాలర్ల ఖర్చుతో అయిపోవాల్సినదానికి టీములు సగటున 2000 డాలర్లు పోశాయి. పదింతలు. ఆడేవాళ్లలో చదువుకున్నవాళ్లూ ఉన్నారు, ఉద్యోగాల్లో నలిగినవాళ్లూ ఉన్నారు. కారణం కూడా పట్టుకున్నాడు, వాళ్లు ఆర్డర్ పెట్టి ఇంకా చేతికి రాని సరుకుని లెక్కలోకి సరిగ్గా తీసుకోరు, చేతిలో ఉన్నదే చూస్తారు. ఆట అయ్యాక కస్టమర్ డిమాండ్ ఎలా ఉందో గీయమంటే చాలామంది పెద్ద పెద్ద అలలు గీస్తారు. ఊపింది తాము, తిట్టేది కస్టమర్‌ని.

ఆటలోనే కాదండీ. 2001లో నెట్‌వర్క్ పరికరాలమ్మే సిస్కో కంపెనీ అమ్ముడుపోని సరుకు కింద సుమారు 2.2 బిలియన్ డాలర్లు నష్టంగా రాసేసుకుంది. టెలికాం బూమ్‌లో సరుకు దొరకడం కష్టమైంది, కస్టమర్లు ఎందుకైనా మంచిదని ఒకే అవసరానికి రెండు మూడు చోట్ల ఆర్డర్లు పెట్టారు, కంపెనీ అవన్నీ నిజమైన డిమాండ్ అనుకుంది. మన మూడు ఆఫర్ లెటర్ల కుర్రాడు గుర్తొచ్చాడా? అతను చేరేది ఒక్కచోటే, కానీ మూడు కంపెనీల పైపుల్లోనూ ఉన్నాడు. రెండు కంపెనీలు "ఆఫర్ తీసుకుని రావట్లేదు, కాబట్టి ఎక్కువ ఆఫర్లు ఇద్దాం" అంటాయి, దాంతో ఇంకో కుర్రాడికి నాలుగో లెటర్ వస్తుంది, వాడూ రాడు. ఇది తనని తాను పెంచుకునే లూపు. నా బోర్డు మీద మోడల్‌లో ఈ లూపు లేదు, పెడితే మూడో రూలు కూడా అంత అందంగా పనిచేయదు, దారిలో ఉన్నవాళ్లలో ఎంతమంది వస్తారో ఊహించాల్సి వస్తుంది. అదీ కాక పని భారం పెరిగితే ఉన్నవాళ్లు మానేస్తారు, బెంచ్ మీద కూర్చోబెట్టినా విసిగి మానేస్తారు, కాబట్టి ఆ 20 కూడా స్థిరం కాదు. ఒక్కో లూపు కలుపుకుంటూ వెళ్లడమే మోడలింగ్. ఎక్కడ ఆపాలో తెలియడం అనుభవం.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కేసు. "ఇలా చేస్తే" అనేది భవిష్యత్తు గురించే అనుకుంటాం కదా, ఇది గతం గురించి. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలో పాస్కగూలా అనే ఊళ్లో ఇంగాల్స్ అనే ఓడల కంపెనీ ఉంది. 1970ల్లో అమెరికా నేవీకి రెండు రకాల యుద్ధనౌకలు కడుతూ ఖర్చు విపరీతంగా దాటిపోయింది. మీరు డిజైన్ మార్పులు అడుగుతూ పోయారు, అందుకే ఇంత ఖర్చయింది, 50 కోట్ల డాలర్లు ఇవ్వండి అని కంపెనీ నేవీ మీద క్లెయిమ్ వేసింది. నేవీ ఏమంటుంది? మార్పులకి నేరుగా అయిన ఖర్చు ఇస్తాం, మిగతాది మీ చేతగానితనం అంటుంది. ఎవరైనా అలాగే అంటారు.

పగ్-రాబర్ట్స్ అనే కన్సల్టింగ్ సంస్థ, అందులో కెన్ కూపర్ అనే ఆయన, మొత్తం ఓడల నిర్మాణాన్ని సిస్టమ్ డైనమిక్స్ మోడల్‌గా కట్టారు. డిజైన్, కొనుగోళ్లు, నిర్మాణం, మనుషులు, ఓవర్‌టైమ్ అన్నీ. దాని గుండెకాయ రీవర్క్, అంటే చేసిన పనే మళ్లీ చేయాల్సి రావడం. ప్రాజెక్టు రిపోర్టులో "పూర్తయింది 80 శాతం" అని ఉంటుంది చూశారూ, ఆ 80లో కొంత తప్పుగా చేసిన పని, తప్పని ఇంకా ఎవరికీ తెలియదు. అది కొన్ని నెలల తర్వాత బయటపడుతుంది, ఈలోపు దాని మీద ఇంకో పని కట్టేసి ఉంటారు. డిజైన్ మారితే అప్పటికే చేసిన పని రీవర్క్ అవుతుంది, మనుషులు చాలరు, కొత్తవాళ్లని తీసుకుంటారు, కొత్తవాళ్లు తప్పులు ఎక్కువ చేస్తారు, ఓవర్‌టైమ్‌తో పాతవాళ్లు అలిసిపోయి వాళ్లూ తప్పులు చేస్తారు, మళ్లీ రీవర్క్. ఇల్లు కట్టించినవాళ్లకి వివరించక్కర్లేదు.

మోడల్‌ని జరిగిన చరిత్రతో సరిపోల్చి, ఆ తర్వాత అడిగారు: నేవీ ఆ మార్పులు అడిగి ఉండకపోతే ఈ ప్రాజెక్టు ఎలా నడిచేది? మిగతావన్నీ అలాగే ఉంచి ఆ మార్పులొక్కటే తీసేసి మళ్లీ నడిపారు. ఆ రెండింటికీ తేడా ఎంతో అది నేవీ వల్ల అయిన ఖర్చు, మిగతాది కంపెనీది. రెండు వైపులా అంకెల్లో చూపించారు. 1978లో కోర్టు బయటే 44.7 కోట్ల డాలర్లకి సెటిల్ అయింది. జరగని గతాన్ని లెక్కగట్టి డబ్బు రాబట్టారన్నమాట. మన దగ్గర కాంట్రాక్టర్లూ ప్రభుత్వ శాఖలూ ఆర్బిట్రేషన్లలో ఏళ్లకేళ్లు గడుపుతాయి, "మీ డ్రాయింగులు లేటు", "మీ లేబర్ లేరు" అని వాదించుకుంటూ. ఇలాంటి లెక్క పనికొస్తుందని నా అభిప్రాయం, ఖరీదైన పనే అయినా.

సాఫ్ట్‌వేర్ వాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక్క మాట. లేటైన ప్రాజెక్టుకి మనుషుల్ని కలిపితే ఇంకా లేటవుతుంది అని కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో అన్నాడు, అందరం వల్లిస్తాం. తారెక్ అబ్దెల్-హమీద్, స్టూవర్ట్ మాడ్నిక్ అనే పరిశోధకులు దాన్ని మోడల్ కట్టి నడిపారు. తేలింది కాస్త వేరు: మనుషుల్ని కలిపితే ఖర్చు మాత్రం పెరుగుతుంది, కానీ ప్రతిసారీ లేటు కాదు, ఎప్పుడు కలిపారన్నదాని మీద ఉంటుంది. సూక్తి సూక్తిగా బాగానే ఉంటుంది, నడిపి చూస్తే గానీ ఎక్కడ వర్తిస్తుందో తెలియదు.

ఫ్యాక్టరీ వాళ్లకి డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీ కథ. 1990ల మొదట్లో వాళ్లు తమని మిగతా కంపెనీలతో పోల్చుకున్నారు. మెయింటెనెన్స్ మీద ముందున్న కంపెనీల కంటే ఎక్కువ ఖర్చు పెడుతున్నారు, మెషీన్లు మాత్రం వాళ్లకంటే ఎక్కువ ఆగిపోతున్నాయి. ఇది విడ్డూరంగా ఉంది కదా? విన్‌స్టన్ లెడెట్ అనే మేనేజరు, మార్క్ పైచ్ అనే మోడలర్‌తో కలిసి మోడల్ కట్టాడు. బ్రేక్‌డౌన్ అయితే మెకానిక్‌లందరూ అటే పరిగెడతారు, ప్లాన్ ప్రకారం చెయ్యాల్సిన పని వాయిదా పడుతుంది, దాంతో ఇంకో బ్రేక్‌డౌన్. ఖర్చు తగ్గించమని పైనుంచి ఒత్తిడి వస్తే మొదట కోసేది కూడా ఆ ప్లాన్ పనినే, ఎందుకంటే ఇవాళ గ్రీజు పెట్టకపోతే ఇవాళ ఏమీ కాదు. మొదట్లో ఖర్చు నిజంగానే తగ్గుతుంది, అలా తగ్గించినాయనకి ప్రమోషన్ వస్తుంది, తర్వాత వచ్చినాయన తలకి చుట్టుకుంటుంది. మోడల్‌లో దీన్ని తిరగేసి చూస్తే, ప్లాన్ పని పెంచిన కొన్నాళ్లు పరిస్థితి ముందు పాడవుతుంది: బ్రేక్‌డౌన్లు తగ్గవు, మనుషులు చాలరు, మంచి మెషీన్ని కూడా చెకింగ్ కోసం ఆపాల్సి వస్తుంది. ఆ తర్వాతే బాగుపడుతుంది. ముందు పాడవుతుందని తెలియకపోతే మూడో నెలలో ప్రయత్నం ఆపేస్తారు. ఎన్ని నెలలు ఓపిక పట్టాలో ముందే చూపించడం, నన్నడిగితే, సిమ్యులేషన్ వల్ల ఒరిగే మేలుల్లో పెద్దది.

ఇది మంత్రం కాదని కూడా చెప్పాలి. వచ్చే మార్చికి మీ అమ్మకాలెంత అని ఈ మోడల్‌ని అడిగితే మీకు దక్కేది అందమైన అబద్ధం. ఏ రూలుకి ఏ తీరు ప్రవర్తన వస్తుందో చెబుతుంది, తేదీ అడక్కూడదు. నైతిక స్థైర్యం, కస్టమర్ నమ్మకం లాంటివి కొలవలేం కాబట్టి వదిలేద్దాం అంటారు కొందరు. వదిలేయడం అంటే దాని ప్రభావం సున్నా అని చెప్పడం, ఆ ఒక్క విలువ తప్పని మాత్రం మనకి కచ్చితంగా తెలుసు. ఇంకో ప్రమాదం పైవాళ్లది. ముందే నిర్ణయం తీసేసుకుని, దానికి సపోర్టుగా గ్రాఫ్ కావాలని వస్తారు. గ్రాఫ్ వేయించుకోవడం చాలా తేలిక, ఆలస్యం ఒకటి రెండు నెలలు అటూ ఇటూ జరిపితే కావాల్సిన బొమ్మ వస్తుంది. కాబట్టి మోడల్ చూపించేవాణ్ణి మొదట అడగాల్సింది ఫలితం కాదు, ఏ అంకె మారిస్తే నీ ఫలితం తలకిందులవుతుందయ్యా అని. దానికి జవాబు లేకపోతే అతను ఆ మోడల్‌ని సరిగ్గా నడిపి చూడలేదన్నమాట.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: సార్, దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ కొనాలా? ఎక్సెల్‌లో కుదరదా?)

ఎక్సెల్‌ని ఇందాక తిట్టాను కదా, అది ఎక్సెల్ తప్పు కాదు, మనం వాడే తీరు తప్పు. బోర్డు మీద చేసిందంతా ఎక్సెల్‌లో నాలుగు కాలమ్స్: నెల, ఉన్నవాళ్లు, ఇచ్చిన ఆఫర్లు, చేరినవాళ్లు. చేరినవాళ్ల కాలమ్ మూడు వరసల పై నుంచి ఆఫర్ల అంకె తెచ్చుకుంటుంది, అదే ఆలస్యం. ఆఫర్లు సున్నా కంటే తగ్గకూడదని ఒక షరతు పెట్టండి, అది మర్చిపోతే నెగటివ్ ఆఫర్లు వస్తాయి. లూపులు పదీ పదిహేను దాటితే ఎక్సెల్‌లో తలనొప్పి, అప్పుడు వెన్‌సిమ్ అని ఉంది, నేర్చుకోవడానికి ఉచిత వెర్షన్ ఇస్తారు. స్టెల్లా అనేది 1980ల నుంచి ఉంది, బొమ్మలు గీసి మోడల్ కట్టొచ్చు. మీ డేటా టీముకి పైథాన్ వస్తే పైఎస్‌డీ అనే లైబ్రరీ ఉంది.

(సభలోంచి: మా దగ్గర డేటా సరిగ్గా ఉండదండీ. ఎన్ని ఆఫర్లు ఇచ్చామో కూడా మూడు టీములు మూడు అంకెలు చెబుతాయి.)

అయితే మీకు మోడల్ ఇంకా ఎక్కువ అవసరం. డేటా బాగుపడ్డాక మోడల్ కడదాం అంటే ఆ రోజు రాదు. ముందు మీ అంచనా అంకెలతో కట్టండి, ఒక్కో అంకెని అటూ ఇటూ మార్చి చూడండి. చాలా అంకెలు ఎంత మారినా ఫలితం పెద్దగా కదలదు, వాటి జోలికి పోవద్దు. ఏ రెండు మూడు అంకెలో కదిపితే మాత్రం మొత్తం కదిలిపోతుంది, మీ టీముల్ని కూర్చోబెట్టి ఆ రెండు మూడు మాత్రం సరిగ్గా కొలవమనండి. మీ విషయంలో అది దారిలో ఉన్న ఆఫర్ల సంఖ్యే అవుతుందని నా అనుమానం.

(సభలోంచి: మేనేజ్‌మెంట్‌ని ఒప్పించడం ఎలా?)

మోడల్ తీసుకెళ్లి చూపించకండి, ఒప్పుకోరు. "మా బిజినెస్ వేరండీ" అంటారు, ఆ మాట నేను వెళ్లిన ప్రతి కంపెనీలోనూ విన్నాను. ముందు ఒక సాయంత్రం వాళ్లతోనే ఆ బీర్ గేమ్ ఆడించండి, పాల ప్యాకెట్లతోనే, ఫైనాన్స్ హెడ్‌ని ఫ్యాక్టరీ సీట్లో కూర్చోబెట్టండి. ఆయన ఆర్డర్లు ఎలా ఊగాయో గ్రాఫ్ వేసి, దాని కింద కస్టమర్ డిమాండ్ గ్రాఫ్ పెట్టండి, 4 నుంచి 8కి ఒకే ఒక్క మెట్టు ఎక్కిన గీత. తర్వాత మీ కంపెనీ ఆఫర్ల గ్రాఫ్, గత మూడేళ్లది, పక్కన పెట్టి ఏమీ మాట్లాడకుండా కూర్చోండి. మోడల్ కట్టమని వాళ్లే అంటారు, కనీసం ఒక్క డిపార్ట్‌మెంట్‌కైనా.